సూది వద్దన్న మంగళవారం

పీణ్య, బెంగళూరు
ఆదివారం

అమ్మకు,

పెద్దకొడుకు చేతన్ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టాలి. పలక మీద అక్షరాలు దిద్దించిన రోజుల్లో ఉత్తరం అట్లాగే మొదలవ్వాలని నువ్వే నేర్పించావు. ఇవాళ అట్లా రాస్తే మొదటి వాక్యమే అబద్ధమవుతుంది. పాప బాగుంది. పాలు తాగుతోంది, బరువు పెరిగింది, మనిషి గొంతు వినబడితే అటు తల తిప్పుతోంది. పాప తల్లీ తండ్రీ బాగా లేరు. మా క్షేమ సమాచారం ఇంతే.

ఫోన్ చెయ్యకుండా వీడికి ఉత్తరం రాసే పనేమొచ్చిందని అనుకుంటావు. చెవికి మిషన్ పెట్టుకున్నా ఫోన్‌లో నీకు సగం మాటలు అందవు. అందని చోట నీకు నచ్చిన మాట నువ్వే పెట్టుకుంటావు. తర్వాత అదే మాట నేనన్నానని నలుగురికీ చెప్తావు. ఈసారి ఆ వీలు నీకు ఇవ్వదలుచుకోలేదు. దీన్ని తమ్ముడి చేత చదివించుకోవద్దు. యశ్వంత్ అక్కడక్కడా మింగేసి చదువుతాడు, నీ మనసు నొచ్చుకుంటుందని. కరెంటు పోయి మగ్గాలు ఆగినప్పుడు, కళ్ళద్దాలు పెట్టుకుని నువ్వే చదువు.

నువ్వు రాసిన రెండు కాగితాలూ అందాయి. అడిగినవాటికి జవాబు చెప్తాను.

మోకాళ్ళకు రాసుకునే నూనె కొరియర్‌లో పంపాను. వేడి చేసి రాసుకోవాలని సీసా మీదే రాసి ఉంది.

ఇంట్లో శ్రుతి ఫోటో ఎందుకు పెట్టుకోలేదని మళ్ళీ అడిగావు. కన్నబిడ్డ ముఖం గోడమీద కూడా చూడలేని తల్లి ఉంటుందా అని రాశావు. దొడ్డబళ్ళాపురంలో నీ ఇంట్లో తలుపు తియ్యగానే కనబడేది ఆ ఫోటోనే. చుట్టూ వెలిగి ఆరే బల్బులు, రోజూ మారే మల్లెదండ. ఇంటికి ఎవరొచ్చినా, చీరల బేరానికి వచ్చినవాళ్ళనైనా సరే, దాని ముందు నిలబెట్టి కథ మొదలుపెడతావు. నీ ఏడుపు నిజమైనదే, కాదనను. కానీ ఏడుపు అయిపోయాక ఆ కథ చివర ఎప్పుడూ ఒకటే మాట వస్తుంది. జ్వరంలో ఉన్న బిడ్డను వదిలి తల్లి పనికి పోయిందని. ఆ మాట చెప్పుకోవడానికే నీకు ఫోటో కావాలి. మాకు అక్కర్లేదు.

మా ఇంట్లో ఏముందో చెప్తాను విను. శ్రుతి బడికి తీసుకుపోయిన అన్నం డబ్బా ఉంది. నీలం రంగుది, మూత మీద కుందేలు బొమ్మ ఉంటుంది. చైత్ర మళ్ళీ గార్మెంట్స్‌కు పోవడం మొదలుపెట్టిన రోజు నుంచి తన అన్నం అందులోనే కట్టుకుపోయింది. ఏడేళ్ళ పిల్లకు సరిపోయే అన్నం, పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడి బట్టలు చెక్ చేసే మనిషికి ఎట్లా సరిపోతుంది? పెద్ద డబ్బా కొని తెచ్చాను. అది అట్టపెట్టెలోంచి బయటికే రాలేదు. పాప కడుపులో పడ్డాక డాక్టరమ్మ తిట్టేదాకా నీ కోడలు అర్ధాకలితోనే పనిచేసింది. ఈ సంగతి నీకు తెలియదు. నువ్వు ఎన్నడూ అడగలేదు.

నేనెట్లా ఉన్నానో మాత్రం ప్రతి ఉత్తరంలో అడుగుతావు. తిన్నావా, పండుకున్నావా, చిక్కిపోయినావంట అని. నా కొడుకు నవ్వు మరిచిపోయినాడని బాలమ్మ అత్త దగ్గర ఏడ్చావట. నేను ఫ్యాక్టరీలో రెండేళ్ళుగా ఓవర్‌టైం వదలకుండా చేస్తున్నాను. ఇంటికి వచ్చే దారిలో ఒక సందు ఉంది. ఆ సందు తప్పించడానికి మూడు వీధులు చుట్టి వస్తాను. ఎందుకో తర్వాత చెప్తాను.

ఇక నీ అసలు ప్రశ్న. పాపకు పేరు పెట్టే శాస్త్రం ఎప్పుడు, పాపను ఊపే తొట్టిలు పంపించనా, శ్రుతి అనే పేరే ఖాయమా అని. జవాబు: తొట్టిలు పంపవద్దు. ఆ పేరు పెట్టము. నువ్వు రావద్దు.

కోపం వచ్చిందా? రానీ. పోయిన నెల నువ్వు పాపను చూడడానికి వచ్చినప్పుడు ఏమన్నావో నీకు గుర్తుండదు. అనేవాళ్ళకు గుర్తుండదు. నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

పాపను ఒళ్ళో వేసుకుని చెవి వెనక చూశావు. "పోయిందే మళ్ళా వచ్చిండాది. చూడప్పా, ఈ మచ్చ. శ్రుతికీ ఈడనే ఉండె. దీనికి శ్రుతి అనే పేరు పెట్టల్ల" అన్నావు.

చైత్ర బట్టలు మడతపెడుతోంది. తల ఎత్తకుండానే చెప్పింది. "శ్రుతికి మచ్చ మెడ మింద ఉండె అత్తా. చెవి ఎనక కాదు. ఆ బిడ్డ వేరే, ఈ బిడ్డ వేరే. ఆ పేరు ఆ బిడ్డదే."

అంతే అంది. అందులో తప్పేముంది? నువ్వు పాపను మంచం మీద పెట్టి, మోకాళ్ళ నొప్పి కూడా మరిచిపోయి లేచి నిలబడ్డావు.

"నీకేం తెలుసే మచ్చ యాడుండాదో? జరంలో బిడ్డని ఇడిసిపెట్టి కంపెనీకి పోయినదానివి. అట్లాంటిదాని కడుపునే మళ్ళా పుట్టిందంటే అది ఆ బిడ్డ మంచితనం. నీది కాదు."

చైత్ర చేతిలో ఉన్నది పాప గుడ్డ. దాన్ని మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది. నీకు అడ్డం చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నీకు తెలుసా? మొదటిసారి కూడా చెప్పలేదు కదా.

మొదటిసారి మూడోరోజున. శ్రుతిని నాన్న సమాధి పక్కన పెట్టి, మూడోనాడు పాలూ నెయ్యీ పోసి వచ్చి, మన ఇంట్లో భోజనాలకు కూర్చున్నాం. గోపాలప్ప మామ ఉన్నాడు, బాలమ్మ అత్త ఉంది, వీధివాళ్ళు ఉన్నారు. చైత్ర గోడకు ఆనుకుని కూర్చుంది. మూడు రోజులుగా నీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. నువ్వు వాకిట్లో నిలబడి అందరూ వినేట్టు అన్నావు. "నా కొడుకు బంగారం. పని మానుకుని బిడ్డ పక్కన కూర్చున్న్యాడు. ఈమెకి కంపెనీ ముఖ్యం. కన్నతల్లి ఇంట్లో ఉండింటే నా బంగారుతల్లి బతికేది."

గోపాలప్ప మామ తల దించుకున్నాడు. చైత్ర నా వైపు చూసింది. ఒక్కసారే. నేను చెప్తాననుకుంది.

నేను అన్నం కలుపుకుంటున్నాను అమ్మా. చారు పోయించుకుని కలుపుకుంటున్నాను. తిన్నాను కూడా.

ఆ తర్వాత నువ్వు ఆ మాటను ఎక్కడెక్కడ అన్నావో నేను లెక్కపెట్టలేను. పెళ్ళిళ్ళలో అన్నావు. మగ్గాల దగ్గర అన్నావు. చైత్ర తోడబుట్టిన చెల్లెలికి ఫోన్ చేసి మరీ అన్నావు. చైత్ర మన ఊరికి రావడం మానేస్తే, తప్పు చేసిన ముఖం చూపించలేక రాలేదన్నావు. వస్తే, సిగ్గులేక వచ్చిందన్నావు. మనవరాలు పోయిన దుఃఖాన్ని పెట్టుకోవడానికి నీకు ఒక మనిషి కావలసి వచ్చింది. పరాయి ఇంటి నుంచి వచ్చిన మనిషి దొరికింది.

ఇంతవరకు రాసి లేచి వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చాను. చదివి చూసుకుంటే మూడు కాగితాలు నిన్ను తిట్టడానికే సరిపోయాయి. అన్నీ నిజాలే, ఒక్కటీ కొట్టెయ్యను. కానీ ఎంత సులువుగా రాశానో చూస్తే నా మీద నాకే అసహ్యం వేసింది. నువ్వు చైత్రకు చేసింది నేను నీకు చేస్తున్నాను. ఇప్పుడు రాయవలసింది రాస్తాను. అడ్డం రాకుండా చదువు.

శ్రుతికి శుక్రవారం జ్వరం వచ్చింది. ఆదివారం డెంగీ అని తేలింది. మేం చూపించిన డాక్టరు మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాడు. జ్వరం ఉన్నప్పటికంటే జ్వరం దిగినాకే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి, రోజూ రక్తపరీక్ష చేయించాలి, కడుపునొప్పి అన్నా వాంతి చేసుకున్నా ఆగకుండా తీసుకురావాలి అని. ఆ మాట చైత్ర విన్నది. నేనూ విన్నాను. ఆదివారం పరీక్ష చేయించాం, సోమవారం చేయించాం. రెండుచేతులూ సూదులు గుచ్చి నీలంగా కమిలిపోయాయి.

మంగళవారం పొద్దున జ్వరం లేదు. లేచి పళ్ళు తోముకుని రాగిగంజి తాగింది. చైత్రకు కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది, ఇంకొక్క రోజు రాకపోతే లైన్‌లో వేరేవాళ్ళను పెడతామని. చైత్ర పోనని చెప్పింది అమ్మా. పోతే పోయింది, వేరే చోట చేరతానంది. పొమ్మన్నది నేను. "నువ్వు పో, నేనుండా కదా. పరీక్షకి నేను పిలుచుకుపోతా" అన్నాను. ఆమె గడప దాటి రెండుసార్లు వెనక్కి వచ్చింది. రెండోసారి నేనే విసుక్కుని పంపించాను.

పదిన్నరకు బండి తాళాలు తీసుకున్నాను. ల్యాబు మా సందుకు రెండు సందుల అవతలే, నేను ఇప్పుడు తప్పించి తిరిగే సందు అదే. తాళాల చప్పుడు వినగానే శ్రుతి మంచం కోడు పట్టుకుంది. "నాన్నా, సూది ఒద్దు నాన్నా. జరం పోయింది చూడు" అని నా చెయ్యి తీసుకుని తన నుదురు మీద పెట్టుకుంది. చల్లగా ఉంది. ఎత్తుకోబోతే గట్టిగా ఏడ్చింది. ఆ కమిలిన చేతులు వీపు వెనక దాచుకుంది. నేను తాళాలు మేకుకు తగిలించేశాను.

తీసుకుపోలేదు అమ్మా. నేను శ్రుతిని ఆ రోజు పరీక్షకు తీసుకుపోలేదు.

పన్నెండింటికి చైత్ర భోజనం విరామంలో ఫోన్ చేసింది. "రక్తం ఇచ్చినారా?" అని అడిగింది. "ఇచ్చినాం. సాయంత్రం రిపోర్టు ఇస్తారంట" అన్నాను. శ్రుతి పక్కనే కూర్చుని వింటోంది. నేను అబద్ధం చెప్పానని తెలిసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఫోన్ పెట్టాక "అమ్మకి చెప్పొద్దు నాన్నా" అంది. చెప్పనని ఒట్టు వేశాను.

మూడింటికి కడుపునొప్పి అంది. గంజి పడలేదనుకుని వాము నీళ్ళు కాచి ఇచ్చాను. నాలుగింటికి వాంతి చేసుకుంది. డాక్టరు చెప్పిన రెండూ అయ్యాయి. అప్పుడైనా తీసుకుపోవచ్చు కదా? తీసుకుపోతే చైత్రకు ఫోన్ చెయ్యాలి. చేస్తే రిపోర్టు ఏమైందని అడుగుతుంది. ఆమె వచ్చేలోపు సర్దుకుంటుందిలే అనుకున్నాను. శ్రుతి పడుకుంది. నేను పక్కన కూర్చుని ఆ నిద్ర చూసి, పరవాలేదు, నిద్రపోతోంది అనుకున్నాను.

అయిదున్నరకు చైత్ర వచ్చి చెప్పులు విప్పకుండానే లోపలికి వచ్చి శ్రుతి పాదాలు పట్టుకుంది. మంచులా ఉన్నాయి. ఆమె అరిచిన అరుపుకు పై ఇంటివాళ్ళు దిగి వచ్చారు. ఆస్పత్రిలో డాక్టరు అడిగాడు, ఇవాళ్టి ప్లేట్‌లెట్ల కౌంటు ఎంత అని. "రిపోర్టు ఇంకా రాలేదు సార్" అన్నాను. అక్కడ కూడా అబద్ధమే చెప్పాను. చైత్ర నా పక్కనే ఉంది, నమ్మింది. మరునాడు పొద్దున పదకొండింటికి శ్రుతి పోయింది.

తర్వాత ఒకే ఒక్కసారి చైత్ర ఆ రిపోర్టు అడిగింది. చించి పారేశాను, ఇప్పుడు దాన్నేం చేసుకుంటావని కసిరాను. మళ్ళీ అడగలేదు.

ఆ రోజు తీసుకుపోయి ఉంటే బతికేదా? మా ఫ్యాక్టరీలో ఆరోగ్య శిబిరం పెట్టినప్పుడు వచ్చిన డాక్టరును అడిగాను, ఎవరో తెలిసినవాళ్ళ బిడ్డ అని చెప్పి. ఆయన అంతా విని "చెప్పలేమప్పా. బతికుండొచ్చు" అన్నాడు. పరీక్ష చేసినా ఇంతే అయ్యేది అని ఉంటే ఎట్లాగో బతికేవాణ్ణి. తప్పకుండా బతికేది అన్నా బతికేవాణ్ణి. ఆయన బతికుండొచ్చు అన్నాడు.

నువ్వు మూడోరోజున వాకిట్లో నిలబడి నా కొడుకు బంగారం అన్నప్పుడు నాకు ఏమనిపించిందో తెలుసా? ప్రాణం కుదుటపడింది. నింద ఎక్కడో ఒకచోట ఆగింది, నా దగ్గర కాదు, అనుకున్నాను. అన్నం అందుకే లోపలికి దిగింది. రెండేళ్ళు నువ్వు తిడుతూ వచ్చావు, నేను నీ చాటున దాక్కుంటూ వచ్చాను. నీ నోటిని ఒక్క మాటతో ఆపగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆపలేదు. నీ తప్పు నోటిది. నాది నోరు మూసుకున్న తప్పు, అది ఎక్కువ.

చైత్రకు ఎట్లా చెప్పానో కూడా రాస్తాను. నువ్వు వచ్చి వెళ్ళిన వారానికి పాపకు టీకా వేయించడానికి ఆరోగ్య కేంద్రానికి పోయాం. పాపను నేనే ఎత్తుకున్నాను. నర్సు సూది తీసుకుని దగ్గరికి రాగానే నా కాళ్ళు వెనక్కి పోయాయి. గోడ తగిలేదాకా పోయాను. పాపను రొమ్ముకు అదుముకుని "ఒద్దు, ఒద్దు" అంటున్నానట. వరసలో ఉన్న తల్లులంతా చూస్తున్నారు. చైత్ర నన్ను బయటికి తీసుకొచ్చి బల్ల మీద కూర్చోబెట్టి ఏమైంది అని అడిగింది. అక్కడ, ఎండలో, అందరూ అటూ ఇటూ తిరుగుతూ ఉండగా చెప్పేశాను.

కొడుతుందనుకున్నాను. అరుస్తుందనుకున్నాను. పాప కాలివేళ్ళు పట్టుకుంది. తర్వాత అడిగింది. "ఆ పొద్దు అది ఏమేం చేసింది? అంతా చెప్పు. ఏదీ ఇడిసిపెట్టొద్దు."

చెప్పాను. గంజి తాగింది, పాము నిచ్చెనలు ఆడింది, రెండుసార్లు నన్ను ఓడించింది, నా కాళ్ళకు వాళ్ళమ్మ గోళ్ళరంగు పూసింది అని. ఫోన్‌లో నేను అబద్ధం చెప్తే నవ్విందని కూడా చెప్పాను.

"నవ్విందా?"

"నవ్వింది."

"నాకు ఆ పొద్దు లేకుండా చేసినావు" అంది. "రెండేండ్లు మీ అమ్మ చెప్పిందే నిజమనుకున్న్యా నేను. ఇంట్లో ఉండింటే బతికేదేమో, నేనే సంపుకున్న్యానేమో అని. నీతోనే చెప్పుకుని ఏడిస్తి. నువ్వు నా తల నిమురుతా వింటా ఉంటివి."

పాపను నా చేతుల్లోంచి తీసుకుని లోపలికి పోయి టీకా వేయించింది. బయటికి వచ్చి ఆటో ఎక్కి ఆనేకల్‌కు, వాళ్ళ నాన్న ఇంటికి పోయింది. నన్ను రావద్దని కూడా అనలేదు. నా వైపు చూడనే లేదు.

శుక్రవారం మా మామ చెన్నరాయప్ప వచ్చాడు. ఆయన సంగతి నీకు తెలుసు కదా, పదిమాటలకు ఒక మాట మాట్లాడే మనిషి. కాఫీ పెడతానంటే చెయ్యి అడ్డం పెట్టాడు. తన సంచిలోంచి నీళ్ళ సీసా తీసుకుని తాగాడు. నా ఇంట్లో నీళ్ళు కూడా ముట్టలేదు.

"నిన్ను కొట్టాలనే బస్సెక్కినా. రెండు గంటలు బస్సులో కూర్చునేతలికి ఒంట్లో సత్తువ లేకపాయె" అన్నాడు. "మా యమ్మి నీ మింద ఒక్క మాట అనల్యా. కూడు తింటా ఉండాది, పాపకి పాలిస్తా ఉండాది. ఒకటే చెప్పి పంపింది. మీ అమ్మకి రాయమంది. నోటితో చెప్తే మీ అమ్మ దాన్ని వేరే మాట చేస్తాదంట. రాసినాక ముందు తనకి చూపించి, ఆమీట పోస్టు చెయ్యమంది."

"రాస్తే చైత్ర వస్తుందా మామా?"

"అది చెప్పల్యా. నేనూ అడగల్యా. వచ్చేదానికని రాస్తావుంటే రాయనే ఒద్దు."

అట్లా రాస్తున్న ఉత్తరం ఇది.

బుధవారం

ఆదివారం అంతవరకు రాసి ఆపాను. నిన్న సెలవు పెట్టి ఆనేకల్‌కు పోయాను. చైత్ర వసారాలో నిలబడే చదివింది. నన్ను లోపలికి రమ్మనలేదు. నీ గురించి రాసిన కాగితాలు తొందరగా తిప్పేసింది. మంగళవారం గురించి రాసినచోట ఆగింది. మళ్ళీ మొదటికి పోయి చదివింది. తర్వాత ఆ కాగితం నా ముందు పెట్టి వేలు చూపించింది.

"కడుపునొప్పి మూడింటికి అని రాసినావు. ఆ పొద్దు బల్ల మింద నాతో రెండింటికి అని చెప్పినావు. ఏది నిజం?"

"రెండింటికి."

"మరి మూడు అని ఎందుకు రాసినావు?"

ఎందుకు రాశానో నాకే తెలియదు అమ్మా. రాసేటప్పుడు చెయ్యి దానంతట అదే ఒక గంట తగ్గించేసింది. అన్నీ ఒప్పుకుంటున్నానని కూర్చుని కూడా ఒక గంట దాచుకున్నాను. దిద్దుతానని పెన్ను తీశాను. "ఒద్దు, అట్లనే ఉండనీ. నువ్వు ఎట్లాంటోడివో మీ అమ్మకి తెలియల్ల. కింద రాయి" అంది. అందుకే పైన కొట్టెయ్యలేదు. కడుపునొప్పి వచ్చింది రెండింటికి. వాంతి నాలుగింటికే. చైత్ర వచ్చేదాకా మూడున్నర గంటలు, వాము నీళ్ళు తప్ప నేనేమీ చెయ్యలేదు.

పాప వాళ్ళ తాత భుజం మీద ఉంది. దూరం నుంచి చూశాను. ఎత్తుకుంటానని అడగలేదు. పేరు పెట్టేది వచ్చే గురువారమట. ఏ పేరో చైత్ర చెప్పలేదు, నేనూ అడగలేదు. నన్ను పిలిచిందో లేదో కూడా తెలియదు. గడప దగ్గర నిలబడి "మా అమ్మ వస్తే?" అని మాత్రం అడిగాను.

"రానీ. నాకు చెప్పాల్సింది ఏమన్నా ఉంటే చెప్పనీ. నీ తల నిమిరేదానికయితే దొడ్డబళ్ళాపురంలోనే ఉండమను."

అందుకే పైన రావద్దని రాసింది ఒక్కటీ మారుస్తున్నాను. రావడం, రాకపోవడం నీ ఇష్టం. ఎట్లా రావాలో మాత్రం చెప్తాను.

ఈ ఉత్తరం చదివి నువ్వు మొదట ఏమంటావో నాకు తెలుసు. నీ కడుపున పుట్టినవాణ్ణి. కళ్ళు తుడుచుకుని, యశ్వంత్‌ను పిలిచి, "పాపం రా నా కొడుకు. బిడ్డ అట్లా ఏడిస్తే ఏ తండ్రికి మనసొస్తాది సూది ఏపించేదానికి? వాడికేం తెలుసు ఇట్లయితాదని. రెండేండ్లు ఎంత కుమిలిపోయినాడో" అంటావు. ఫోన్ చేసి నాతోనూ అదే అంటావు. ఏడవొద్దు నాయనా, నీ తప్పేముంది, దాని ఆయుష్షు అంతే అంటావు.

అనొద్దు. ఒకే బిడ్డ, ఒకే జ్వరం, ఒకే మంగళవారం. నువ్వు చైత్ర తప్పు అనుకున్నప్పుడు దాని ఆయుష్షు గుర్తుకు రాలేదు నీకు. కన్నతల్లి ఇంట్లో ఉండింటే బతికేది అన్నావు. అదే తప్పు కొడుకుదని తేలగానే ఆయుష్షు అంతే అంటే, నేను నీ గడప తొక్కను. తిట్టు. వాకిట్లో నిలబడి, ఆ రోజు ఆమెను తిట్టినంత గట్టిగా, గోపాలప్ప మామా బాలమ్మ అత్తా వినేట్టు నన్ను తిట్టు.

ఆ రోజు, మూడు రోజులు నీళ్ళు తప్ప ముట్టని మనిషి పక్కన కూర్చుని, నీ తప్పేముందమ్మా అని నువ్వు అనాల్సింది. ఆ ఒక్క మాట కోసం ఆమె నీ ఇంటి గోడకు ఆనుకుని కూర్చుంది. రెండేళ్ళు ఆలస్యమైంది. అయినా ఆ మాట ఆమెదే, నాది కాదు. నా మీద ప్రేమతో దాన్ని నాకు ఇచ్చెయ్యొద్దు.

ఇట్లు,
నువ్వు తిట్టవలసిన నీ పెద్దకొడుకు,
చేతన్